విఱిగిన బొమ్మయోడ

పసివానికి బొమ్మ, పడుచువానికి పని, ముసలివానికి జపము అని ఆయువును అరలుగా విభజించి, ఒక అరలోని వస్తువు వేఱొక అరలో కనబడినచో నవ్వుట లోకమున నాచారమైయున్నది. నలువది యేండ్లు దాటిన గృహస్థుడొకడు, ఉద్యోగమునుండి వచ్చి, భోజనముచేసి, పిల్లలు నిదురించిన పిమ్మట బల్లయొద్ద దీపము వెలిగించుకొని, గోరంతటి ప్లాస్టిక్ ముక్కలను ఒకదానిపై నొకటి యదిమి ఓడదొంగల ఓడను కట్టుకొనుచున్నాడని విన్నచో మనలో నెందఱు నవ్వక యుండగలరు? నేనును నవ్వినవాడనే. యూరపులోను, అమెరికాలోను ఇట్టి గృహస్థులు వేలకొలదిగా నున్నారనియు, వారు కట్టుకొను ఓడ తమ బాల్యమున తాము కట్టిన యోడయే యనియు, దానికై వారు ధారాళముగా ధనము వెచ్చించుచున్నారనియు మొదట చదివినప్పుడు నాకు నవ్వే వచ్చినది. పిమ్మట నొక చిన్న సంగతి నా యింటనే జరిగి, ఆ నవ్వు నాకే తగిలినది. దానిని దాని చోట చెప్పెదను. అంతకు ముందు ఈ ప్రశ్నను నిదానముగా విచారింపవలసియున్నది. గడచిపోయిన బాల్యమును వస్తురూపమున మఱల తెచ్చుకొనగోరుట దోషమా, గుణమా? దోషమే యైనచో అది యెచ్చట మొదలగును?

ముందుగా ఆ వస్తువు నెఱుగుదము. డెన్మార్కు దేశమున బిల్లుండు అను చిన్న గ్రామమున ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ అను వడ్రంగి యుండెను. 1932లో, లోకమంతట వ్యాపారము కుంటువడిన దినములలో, ఇండ్లు కట్టించుకొనువారు కఱవైనందున, అతడు కఱ్ఱబొమ్మలు చేయ నారంభించెను. "బాగుగా ఆడుకొనుము" అను అర్థమిచ్చు రెండు డేనిష్ మాటలను కుదించి తన కర్మాగారమునకు లెగో అని పేరు పెట్టెను. 1949 నుండి అచ్చట ప్లాస్టిక్ ఇటుకలు తయారగుచుండెను గాని, నేడు పిల్లలందఱు నెఱిగిన ఇటుక, అనగా పైన బొడిపెలును లోపల గొట్టములును గలిగి తోడి ఇటుకను గట్టిగా పట్టుకొనునట్టిది, 1958 జనవరి 28న పేటెంటు దరఖాస్తున కెక్కినది. నాడు చేసిన ఇటుక నేడు చేసిన ఇటుకతో నేటికిని అతుకును. తాతయాడిన ముక్క మనుమడాడు ముక్కతో కలియును. ఒకే రంగు గల ఎనిమిదేసి బొడిపెల ఇటుకలు ఆఱింటిని 91,51,03,765 విధములుగా కూర్పవచ్చునని గణితజ్ఞులు లెక్కించి చెప్పిరి. ఈ రెండు సంగతులను చదువరులు మనసున నుంచుకొనవలెను. ముక్కలు తరములను దాటి కలియును. కలిసినవి విడిపోయి మఱియొకటిగా కలియును. ఈ బొమ్మయొక్క ప్రాణము ఈ రెండింటిలోనే యున్నది.

1978లో ఈ ఇటుకల లోకమునకు బొటనవ్రేలంతటి మనుష్యులు వచ్చిరి. పసుపుపచ్చని గుండ్రని తల, రెండు నల్లని చుక్కలు, ఒక చిఱునవ్వు. రక్షకభటుడును, వైద్యుడును, ఆకాశయాత్రికుడును అందఱును ఒకే నవ్వు నవ్వుచుండిరి. పదునొకండేండ్లు ఆ నవ్వే నడచినది. 1989లో ఓడదొంగలు వచ్చిరి. వారితో మొదటిసారిగా ముఖములు వేఱు వేఱైనవి. ఒకనికి కంటిపై నల్లని పట్టీ, ఒకనికి గడ్డము, ఒకనికి చేయి యుండవలసిన చోట కొక్కెము, నాయకునికి కాలికి బదులు కఱ్ఱ. వారి వెంట కోతి, చిలుక, సొరచేప వచ్చినవి. బ్లాక్ సీస్ బారకూడా అను పేరుగల పెద్ద ఓడకు నిజమైన గుడ్డ తెఱచాపలును, నిచ్చెనలును, పుఱ్ఱె గుఱుతు గల జెండాయు నుండెను. దానిని కట్టుటకు సుమారు 900 ముక్కలు. ఎదుట, నీలపు కోటులు తొడిగిన రాజభటులకు ఎల్డొరాడో అను తెల్లని కోట.

ఈ బొమ్మలు ఆ కాలపు బాలుర హృదయముల నంతగా నేల పట్టుకొన్నవి? నాకు తోచిన కారణ మిది. అంతకు మునుపటి నవ్వుముఖముల మనుష్యులకు గతము లేదు. రక్షకభటుడు రక్షకభటుడే, నిన్న యేమి జరిగెనో అతని మొగమున వ్రాసి లేదు. కఱ్ఱకాలు గలవానిని చూచినంతనే "కాలెట్లు పోయినది?" అను ప్రశ్న పుట్టును. పెట్టెలోని పుస్తకమున ముక్కలను కూర్చు వరుస యున్నది గాని ఆ ప్రశ్నకు సమాధానము లేదు. దానిని పిల్లవాడే చెప్పుకొనవలెను. సొరచేప తిన్నదని అన్న చెప్పును. ఫిరంగి గుండు తగిలినదని తమ్ముడు వాదించును. చాపపై బోరగిలబడి ఇద్దఱును ఆ వాదములోనే సాయంకాలము గడపుదురు. బొమ్మ దొరకినది అంగడిలోనే. కథ మాత్రము ఆ పిల్లలది. పెద్దయైన పిమ్మట వారికి జ్ఞాపకమువచ్చునది ఈ కథ చెప్పుకొన్న సాయంకాలమే.

ఆ బాలురు పెరిగిరి. ఈ బొమ్మలను ప్రేమించు పెద్దలు తమ జీవితములో నొక భాగమునకు "చీకటి యుగము" అని పేరు పెట్టుకొనిరి. పదునాలుగు పదునైదేండ్లు వచ్చునప్పటికి బొమ్మలతో నాడుట తోడివారి యెదుట సిగ్గగును. పెట్టె అటుక కెక్కును. లేదా బంధువుల పిల్లలకు పోవును. లేదా తల్లి దానిని పాతసామానుతో అమ్మివేయును. పిమ్మట చదువు, ఉద్యోగము, వివాహము. ఒకనాడు తలిదండ్రుల యిల్లు ఖాళీ చేయవలసివచ్చినప్పుడో, తనకొక బిడ్డ పుట్టినప్పుడో ఆ పెట్టె మఱల తెఱవబడును. అందు ఓడ యుండదు. అది యేనాడో విడిపోయి, ఇంటి ముక్కలతోను, బండి ముక్కలతోను కలసి కుప్పయైనది. కుప్పలో చేయి పెట్టగా చారల తెఱచాప పీలిక యొకటి, ఒక కొక్కెపు చేయి దొరకును. అంతటితో చీకటి యుగము ముగియును. అతడు పాత పుస్తకము నెచ్చటనుండియో సంపాదించి, నల్లముక్కల నొక ప్రక్కకును, పసుపుముక్కల నొక ప్రక్కకును ఏఱుచు, లేనివానిని ఇతరులయొద్ద ఒక్కొక్కటిగా కొనుచు, నెలల తరబడి ఆ యోడను మఱల నిలువబెట్టును.

వర్తకులు దీనిని గమనింపక యుందురా? మొదటి ఓడదొంగల వరుస 1997 నాటికి ఆగిపోయినది. 2002లో అదే పెద్ద ఓడను కంపెనీవారు మఱల విడుదల చేసిరి. 2009లోను, 2015లోను పిల్లలకై క్రొత్త ఓడలు వచ్చినవి. 2010లో 1,664 ముక్కల రాజనౌక వచ్చినది. 2020లో 2,545 ముక్కలతో బారకూడా బే వచ్చినది. 2023లో ఎల్డొరాడో కోట మఱల లేచినది. మొదటి కోటకు 506 ముక్కలు. రెండవ కోటకు 2,509. కోట ఇంచుమించు అయిదింతలైనది. ఇది వ్యాపారమే యని త్రోసివేయవచ్చును గాని, నా కిందులో నొక చిత్రము కనబడుచున్నది. చిన్ననాడు చూచిన చెఱువు సముద్రమువలె నుండెను. పెద్దయై చూడగా అది గుంట. కంపెనీవారు పాతకోటను ఉన్నదున్నట్లు చేసియిచ్చినచో కొనువాడు "ఇంతేనా?" యని చిన్నబుచ్చుకొనియుండును. అందుచే కోట యెంత యుండెనో అంత చేయక, జ్ఞాపకములో నెంతగా నుండెనో అంతగా చేసిరి. వారు కొలిచినది మనసును.

ఇక ఆక్షేపణలకు వత్తము. మొదటి ఆక్షేపణ, ఇది పెద్దవారికి తగని పిల్లచేష్ట యనునది. ఇందు సారము తక్కువ. చదరంగపు బల్లపై కఱ్ఱగుఱ్ఱమును నడపు వృద్ధుని మనము మేధావి యందుము. పండుగనాడు మెట్లపై బొమ్మల కొలువు తీర్చి, పెట్టెలోనుండి తన పుట్టినింటి బొమ్మను విప్పి తుడుచు ముత్తైదువను చూచి యెవరును నవ్వరు. చేతితో నొకదానిని కూర్చుట, వరుస తప్పక ఓర్పుతో ముగించుట మనసునకు విశ్రాంతియే గాని లోపము గాదు. సంపాదించి, సంసారము నడపి, తీరికవేళ నొక గంట ఓడ కట్టుకొనువాడు ఎవరి కేమి యపకారము చేయుచున్నాడు? పిల్లచేష్టయను మాటలోని పిల్లతనము నిందింపదగినదని మనకు మనమే నిర్ణయించుకొంటిమి గాని, దానికి హేతువు చూపలేదు.

అయినను ఆక్షేపించువాడు ఊరకుండడు. "ఆట మాట యటుండనిండు, వెనుకకు చూచుచుండుటయే రోగము గాదా?" యని యడుగును. ఇందులకు చరిత్ర యున్నది. 1688లో బాసెల్ నగరమున యోహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి, పరదేశములలో కొలువు చేయు స్విట్జర్లాండువారికి పుట్టుచున్న ఒక జబ్బును వర్ణించి, దానికి నోస్టాల్జియా యని పేరు కల్పించెను. తిరిగివచ్చుట యను గ్రీకు మాటయు, నొప్పి యను గ్రీకు మాటయు కలిసి ఆ పేరైనది. మన భాషలో దానికి బెంగ యని చక్కని మాట యున్నది. అత్తవారింటి క్రొత్తకోడలికి ఇంటిపై బెంగ. వసతిగృహమున చేరిన బాలునికి తల్లిపై బెంగ. ఈ బెంగకు మందు సులభము: ఇంటికి పంపివేయుట. కాలక్రమమున ఆ గ్రీకు మాట స్థలమును విడిచి కాలమును పట్టుకొన్నది. ఊరిపై బెంగ గలవానికి రైలు గలదు. ఎనిమిదవ యేటిపై బెంగ గలవానికి ఏ రైలు? అందుచే అతడు ఆ కాలపు వస్తువును వెదకికొనును.

నేటి మనస్తత్త్వశాస్త్రజ్ఞులు ఈ బెంగను రోగముగా భావించుట లేదు. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయమున 2006 మొదలు జరిగిన పరిశోధనలలో రెండు సంగతులు వెల్లడియైనవి. మనుజుడు ఒంటరితనము ననుభవించునప్పుడు ఈ బెంగ తఱచుగా కలుగును. అప్పుడు అతడు తలచుకొను ఘట్టములలో అతడొక్కడే యుండుట అరుదు, ఆప్తులు తోడుందురు. ఇందువలన అతని యొంటరితనము కొంత తీఱును. ఓడను తలచినవాడు నిజముగా తలచునది, సొరచేప తిన్నదని వాదించిన అన్నను. ఆ యన్న నేడు వేఱొక నగరమున నుండవచ్చును. ఇద్దఱకు మాటలు లేకయు నుండవచ్చును. అసలు లేకయే పోవచ్చును. నల్లని ముక్కలను ఏఱుచున్న ఆ నడివయసువాడు దేనిని ఏఱుచున్నాడో ఇప్పు డాలోచింపుడు. నవ్వు వచ్చునా?

మన తార్కికులు ఈ విషయమున నొక సూక్ష్మభేదమును చూపిరి. సంస్కారమాత్రమువలన పుట్టు జ్ఞానము స్మృతి. ఎదుట నొక వస్తువు నిలిచియుండగా, పూర్వసంస్కారము దానితో కలిసి "ఇది అదియే" యని కలుగు జ్ఞానము ప్రత్యభిజ్ఞ. వీడే ఆ దేవదత్తుడు, అనునది దీనికి ప్రసిద్ధమైన యుదాహరణము. కన్నులు మూసికొని పాత ఓడను తలచుకొన్నచో స్మృతి. చేతిలో నున్న కొక్కెపు చేతిని చూచి "ఇదే అది" యనుకొన్నచో ప్రత్యభిజ్ఞ. స్మృతిలో దుఃఖము పాలు హెచ్చు, ఏలయన అందు వస్తువు లేదు. ప్రత్యభిజ్ఞలో నొక యూరట గలదు. కాని విచారించి చూడగా ఆ పెద్దమనిషి గుఱుతు పట్టగోరునది ఓడను గాదు, తన్ను. అప్పు తీర్చుచు, అధికారికి జవాబు చెప్పుకొనుచు, కన్నులద్దములు సవరించుకొనుచున్న తాను, చాపపై బోరగిలబడిన ఆ బాలుడేనా? "వాడే నేను" అని చెప్పగల సాక్షి కావలెను. తలిదండ్రులు పోయిన పిమ్మట అట్టి సాక్షులు తగ్గిపోవుదురు. బొటనవ్రేలితో నదిమినప్పుడు ముక్క టిక్కుమని పట్టుకొనును. ఆ వత్తిడిని, ఆ చప్పుడును వ్రేలు మఱచిపోలేదు. వ్రేలే సాక్షియగును. ఇందు నింద్యమైన దేదియు నాకు కనబడదు. తాను పూర్వము ఎవడో తెలియనివాడు ఇప్పుడెవడో చెప్పుట కష్టము.

రెండవ ఆక్షేపణ కొంచెము బరువైనది. ఓడదొంగలు దొంగలు, హంతకులు. వారిని ముద్దుబొమ్మలుగా చేసి పిల్లల కిచ్చుట యొక తప్పు; పెద్దవారు దానికై బెంగపెట్టుకొనుట రెండవ తప్పు. మన దేశస్థులకు ఈ మాట యనుటకు హక్కున్నది. 1695 సెప్టెంబరులో హెన్రీ ఎవరీ అను ఆంగ్లేయ నావికుడు, మక్కా యాత్ర ముగించుకొని సూరతునకు తిరిగివచ్చు యాత్రికులతో నిండిన ఔరంగజేబు చక్రవర్తి నౌక గంజ్-ఇ-సవాయిని పట్టుకొనెను. దోపిడి దినముల తరబడి సాగినది. దాచిన సొమ్ము చూపుమని యాత్రికులను హింసించిరి, స్త్రీలను చెఱిచిరి, మానరక్షణకై సముద్రమున దూకినవారు గలరు. 1696లో అతని అనుచరులలో కొందఱిని లండనులో ఉరితీసిరి. ఎవరీ మాత్రము చిక్కలేదు. ఆ స్త్రీల పేర్లు మనకు దక్కలేదు. అతని పేరు దక్కినది. తరువాత రెండు నూర్ల యేండ్లకు కాలము రక్తమును కడిగివేసినది. 1883లో పుస్తకముగా వెలువడిన స్టీవెన్‌సన్ గారి ట్రెజర్ ఐలండ్ అను నవల ఒంటికాలు, భుజముపై చిలుక, పాతిపెట్టిన నిధిని చూపు పటము అను మూడింటిని లోకమున కిచ్చినది. బిల్లుండు బొమ్మలు చరిత్రకు బిడ్డలు కావు. ఆ నవలకు మనుమలు. ఆ బొమ్మల వరుసలోనే 1994లో ఈకలు, ముసుగులు ధరించిన ద్వీపవాసులను గూడ చేర్చిరి. ఓడలలో వచ్చినవారు నిజమైన ద్వీపవాసుల కేమి చేసిరో చదివినవాడు ఆ బొమ్మలను వెనుకటి కన్నుతో చూడజాలడు.

దీనికి నా సమాధాన మిది. పిల్లవానికి తెలియకపోవుట దోషము గాదు. వాని యుద్ధములో చచ్చినవాడు మఱునిమిషమున లేచి భోజనమునకు పోవును. పెద్దవానికి తెలియకపోవుట దోషమే. బాల్యమునకు తిరిగిపోవువాడు తాను నడుమ నేర్చినదానిని గుమ్మము బయట విడిచిపోరాదు. అట్లు విడిచినచో అది తిరిగిపోవుట గాదు, పాఱిపోవుట. ఆ యోడను బల్లపై నిలిపిన తండ్రిని బిడ్డ "వీరెవరు?" అని యడిగినప్పుడు, ఏడేండ్ల బిడ్డకు ఏడేండ్ల మాటలతోను, పదునాఱేండ్ల బిడ్డకు గంజ్-ఇ-సవాయి పేరుతోను చెప్పవలెను. బొమ్మను పాఱవేయ నక్కఱలేదు; అబద్ధమును దానితో కట్టియుంచ నక్కఱలేదు. సత్యము చెప్పినంతమాత్రమున విఱిగిపోవు ప్రేమ యుంచుకొనదగినది గాదు. అన్నదమ్ముల ఆ సాయంకాలము సత్యమునకు వెఱవదు. అందు నిజమైనది దొంగతనము గాదు, తోడు.

మూడవ ఆక్షేపణ యున్నది. దీనిని ఎవరును అంతగా చెప్పరు. కాని నా మతమున ఇదియే ముఖ్యము. పాత పెట్టెలు, అందును మూత తెఱువనివి, నేడు గొప్ప ధరలు పలుకుచున్నవి. వాని ధరల పెరుగుదలను ఇతరమైన పెట్టుబడుల లాభముతో పోల్చిన ఆర్థికశాస్త్ర వ్యాసములును వెలువడినవి. కొందఱు పెట్టెను కొని తెఱువరు. తెఱచినచో ధర పడిపోవును. కొందఱు తెఱచి, కట్టి, అద్దముల బీరువాలో నుంచి తాళము వేయుదురు. ఒక చిన్నముక్క రంగు వెలిసినచో వారికి నిద్ర పట్టదు. బిడ్డ చేయి చాచినచో "ముట్టకు" అందురు. ఇది బాల్యముపై ప్రేమయా? ఆ యోడ వారి బాల్యమున ఎన్ని దినములు ఓడగా నుండెనో జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. కట్టిన వారమునకే తెఱచాప యూడినది. నెలకు ముందుభాగము కోటలో కలిసినది. సంవత్సరమునకు అది యింటి కప్పు, వంతెన, పేరులేని యంత్రము. ఆ విఱుగుటయే ఆట. బాలునికి ఓడపై భక్తి లేదు. దానితో చేయదగిన పనిపై ప్రీతి యున్నది. చెక్కుచెదరని పాత ఓడకై వెదకు పెద్దవాడు, బాల్యమున కేనాడును లేని దానిని బాల్యము పేర వెదకుచున్నాడు.

ఇంతవఱకు పరుల మాట. ఇక నా మాట. మా నాయనమ్మ నా చిన్ననాట ఏటికొప్పాక లక్కబొంగరము నొకదానిని నా కిచ్చెను. ఎఱ్ఱని బొంగరముపై పసుపుపచ్చని చారలు. అది యెప్పుడు పోయినదో యెఱుగను. మూడేండ్ల క్రిందట నొక ప్రదర్శనలో అటువంటిదే కనబడగా నిలువబడిపోయితిని. కొంటిని. "అమ్మాయికై తెచ్చితిని" అని యింట నందఱితో చెప్పితిని. అమ్మాయి దానిని గచ్చుపై త్రిప్పెను. అది చక్కగా తిరిగి, దొరలి, గుమ్మపు ఱాతికి తగిలి చారయొద్ద లక్క పెచ్చు లేచినది. నేను కేక వేసి, బొంగరమును లాగుకొని బీరువాలో పెట్టితిని. పిల్ల యేడువలేదు. "నాన్నా, అది నాకని తెచ్చానన్నావు కదా?" అని మాత్రము అడిగి తన పుస్తకముల యొద్దకు పోయెను.

ఆ రాత్రి నాకు చాలసేపు నిదుర పట్టలేదు. ఆక్షేపణ యేమియు లేని యా ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయినది. నేను బిడ్డ పేరు చెప్పి నాకే కొనుక్కొంటిని. అంతకన్న చెడ్డ సంగతి, నేను దేనిని కాపాడబోతినో అదియే నేను మఱచితిని. మా నాయనమ్మ ఇచ్చిన బొంగరము అరుగుపై తిరిగి తిరిగి ఆమె బియ్యపు చేటకు తగులుచుండెడిది. ఆమె నన్ను కసరలేదు. చేటను ప్రక్కకు జరుపుకొని చోటిచ్చెడిది. నా కావలసినది ఆ యెఱ్ఱరంగు గాదు. చేట జరుపుకొన్న ఆ చేయి. దానిని బీరువాలో పెట్టుట యెట్లు? దానిని మఱల చూడవలెనన్నచో నొకటే ఉపాయము: నేనే చేట జరుపుకొనవలెను. మఱునాడు బొంగరమును అమ్మాయి కిచ్చి, నాది తప్పని చెప్పితిని. నేడు దానిపై చారలు సగము లేవు. అది తిరుగుచునే యున్నది.

డెన్మార్కు ఓడ కథయు ఇట్లే ముగిసినదని చెప్పుటకు నాకు సంతోషముగా నున్నది. 2020 నాటి బారకూడా బేను గూర్చి పైని చెప్పితిని. అది కంపెనీవారి తలపునుండి పుట్టినది గాదు. పాత ఓడను ప్రేమించిన యొక పెద్దవాడు ప్రతిపాదింపగా, నియమము చొప్పున పదివేలమంది బలపఱచిన పిమ్మట తయారైనది. పెట్టె తెఱచి కట్టినవారికి మొదట కనబడునది నిండు ఓడ గాదు. అది విఱిగిన యోడ. దొంగలు తీరమునకు కొట్టుకొనివచ్చి, విఱిగిన భాగములతోనే ద్వీపముపై గృహములు కట్టుకొని, వంట చేసికొని, కాలము గడపుచుందురు. కాని ఆ భాగములను విడదీసి వరుసగా కూర్చినచో 1989 నాటి ఓడను పోలిన నిండు ఓడ మఱల నిలుచును. ఆ పదివేలమందియు తమ బాల్యమును అద్దాలపెట్టెలోని వస్తువుగా కోరలేదు. అది విఱిగిపోయినదని ఒప్పుకొనిరి. విఱిగినవానితోనే యిప్పుడు తాము కాపురముండుచున్నామనియు, కలసి కూర్చుండి కూర్చినచో నొక సాయంకాలము ఓడ యగుననియు వారి కోరికలో నున్నది. ఇంతకంటె న్యాయమైన బెంగ నేనెఱుగను.

కావున నా నిర్ణయ మిది. బాల్యమునకై బెంగపెట్టుకొనుట దోషము గాదు. ఆ బెంగ సత్యమును దాచినచో దోషము, చోటియ్యనిచో దోషము. పాత ఓడను తిరిగి సంపాదించినవాడు దానిని బిడ్డ చేయి యందునంత యెత్తున నుంచవలెను. బిడ్డ దానిని విఱుచును, తెఱచాపను యింటికప్పుగా మార్చును, కఱ్ఱకాలిని పాఱవైచును. పోనిండు. 1958 నుండి ఆ ముక్కలన్నియు నొకదానితో నొకటి యతుకునట్లే చేయబడియున్నవి. తండ్రి ముక్క బిడ్డ ముక్కతో కలసి ఏమగునో చూచుటకు అతడు ప్రక్కన కూర్చుండవలెను. కూర్చుండి, వీలైనచో, ఆ కాలెట్లు పోయెనో బిడ్డ నడుగవలెను.